రాక్ అండ్ రోల్ - వయా పాలకొల్లు

మన ఆఫీసుల్లో ప్రతి ఫ్లోర్‌కీ ఒక రాక్ బ్యాచ్ ఉంటుంది, గమనించారా? నల్ల టీషర్టు, డెస్కు మీద పింక్ ఫ్లాయిడ్ మగ్గు, చెవుల్లో ఎప్పుడూ హెడ్‌ఫోన్సు. వీళ్ళకి ఎదురుగా ఇంకో బ్యాచ్ ఉంటుంది. "ఆ గోల ఏంటండీ బాబూ, మన త్యాగరాజు ముందు వీళ్ళెంత" అనే బ్యాచ్. కాంటీన్లో ఈ ఇద్దరికీ వాదన పడితే మొదటివాడు "మనవాళ్ళకి ఎనర్జీ లేదు" అంటాడు, రెండోవాడు "వాళ్ళకి గమకం లేదు" అంటాడు. టీ చల్లారిపోతుంది గానీ వాదన తేలదు.

ఇద్దరూ మర్చిపోయే ఊరు ఒకటుంది. పశ్చిమ గోదావరి జిల్లా, పాలకొల్లు.

నవ్వకండి. పాలకొల్లు అనగానే క్షీరారామం గుర్తొస్తుంది, అల్లు రామలింగయ్య గుర్తొస్తాడు, దాసరి నారాయణరావు గుర్తొస్తాడు. రాక్ అండ్ రోల్ మాత్రం గుర్తు రాదు. రాక్ చరిత్ర రాసేవాళ్ళ మ్యాపులో మెంఫిస్, షికాగో, లివర్‌పూల్, లండన్ ఉంటాయి. ఇండియా అంటే రిషీకేశ్ ఒక్కటే, అదీ 1968లో బీటిల్స్ వచ్చి ధ్యానం చేసుకుని వెళ్ళారు కాబట్టి. ఆ మ్యాపులో నరసాపురం రైల్వే లైను ఎందుకు ఉండాలో చెప్పడానికే ఈ ప్రయత్నం.

ఎల్విస్ రికార్డుకి రెండో వైపు

మొదట మెంఫిస్ నించే మొదలెడదాం. 1954 జులైలో సన్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు వేసింది. ఒకవైపు పాట 'దట్స్ ఆల్ రైట్'. అది ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి బ్లూస్ గాయకుడిది. ఇది అందరికీ తెల్సిన కథే. తెల్లవాడు నల్లవాళ్ళ పాట పాడాడు, రాక్ అండ్ రోల్ పుట్టింది అని చెప్తారు.

రికార్డుకి రెండో వైపు కూడా ఉంటుంది కదా. అక్కడ ఉన్నది 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ'. ఆ పాట బిల్ మన్రోది. బిల్ మన్రో వాయించేది ఏంటో తెల్సా? మాండొలిన్. బ్లూగ్రాస్ అనే సంగీతానికి మూలపురుషుడాయన. పాట అసలు నెమ్మదైన వాల్ట్‌జ్ నడకలో ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే మూడు దెబ్బల నడక. ఎల్విస్ దాన్ని నాలుగు దెబ్బల్లోకి మార్చి పరుగెత్తించాడు. మన్రోకి కోపం రాలేదు సరికదా, అదే ఏడాది తన పాటనే మళ్ళీ రికార్డు చేశాడు. సగం పాట పాత నడకలో, మిగతా సగం ఎల్విస్ నడకలో! 1997లో ఆయన్ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, రాక్‌కి దారి వేసినవాళ్ళ కోటాలో.

ఇంకోటి. చక్ బెరీ 1955లో 'మేబెలీన్' అన్న పాటతో వచ్చాడు. ఎలక్ట్రిక్ గిటార్‌తో కథ చెప్పడం ఎలాగో లోకానికి నేర్పిన పాట అది. దానికి మూలం 'ఐడా రెడ్' అనే పాత జానపదం. బాబ్ విల్స్ బృందం 1938లో రికార్డు చేసిన బాణీ చక్ బెరీకి ఆధారం. ఇదే బాబ్ విల్స్ బృందంలో తర్వాత టైనీ మూర్ అని ఒకాయన పనిచేశాడు. ఆయనదీ మాండొలినే. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలుంటాయి, రెండేసి చొప్పున నాలుగు జతలు. టైనీ మూర్‌కి అవి సరిపోలేదు. 1952లో పాల్ బిగ్స్‌బీ అనే మెకానిక్ ఆయన కోసం ఒక ఎలక్ట్రిక్ మాండొలిన్ చేసిచ్చాడు. అందులో జతలు లేవు. విడివిడిగా ఐదు తీగలు. (ఈ బిగ్స్‌బీ పేరు గిటార్ కుర్రాళ్ళకి తెల్సే ఉంటుంది. గిటార్ మీద స్వరాన్ని వణికించే ఇనప చెయ్యి ఉంటుందే, బిగ్స్‌బీ ఆర్మ్, అది ఈయనదే.)

ఈ "ఐదు విడి తీగలు" అన్న మాట కొంచెం గుర్తు పెట్టుకోండి. మళ్ళీ పాలకొల్లులో కావాలి.

తర్వాతి రోజుల్లో కూడా మాండొలిన్ రాక్‌లో దొంగచాటుగా తిరుగుతూనే ఉంది. రాడ్ స్టూవర్ట్ 'మ్యాగీ మే' (1971) చివర్లో వినిపించేది మాండొలినే. అదే ఏడాది లెడ్ జెప్లిన్ 'ద బ్యాటిల్ ఆఫ్ ఎవర్‌మోర్' మొత్తం దాని మీదే నడుస్తుంది. 1991లో ఆర్.ఇ.ఎమ్. వాళ్ళ 'లూజింగ్ మై రెలిజియన్' పాట ప్రపంచమంతా మోగిపోయింది, దాని మొదటి స్వరం నించీ మాండొలినే. మన రాక్ బ్యాచ్‌లో చాలామంది ఈ పాటని గిటార్ పాట అనుకుంటారు.

తీగకి కరెంటు పెడితే ఏమవుతుంది

ఇప్పుడు కొంచెం ఇంజనీరింగ్. మనవాళ్ళకి ఇష్టమైన భాగం.

మామూలు వీణైనా గిటారైనా తీగ శక్తి చెక్కలోకి పోతుంది. చెక్క డొల్లగా ఉంటుంది కాబట్టి అది ఊగి, గాలిని కదిలించి, శబ్దం పుట్టిస్తుంది. అంటే శబ్దం కావాలంటే తీగ తన శక్తిని ఖర్చుపెట్టాలి. మాండొలిన్ తీగలు పొట్టివి, బిగువైనవి, బుర్ర చిన్నది. మీటగానే టింగుమని మోగి చటుక్కున ఆరిపోతుంది. ఈ లోపాన్ని కప్పుకోడానికే ఇటలీ వాళ్ళు తీగల్ని జతలుగా పెట్టారు, ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ ఉండే పద్ధతి పట్టారు. పాత సినిమా పాటల్లో వెన్నెల రాత్రి పడవ సీనుకి వెనకాల గలగలమంటూ వినపడేది అదే. బాపు 'ముత్యాల ముగ్గు' (1975) చూసినవాళ్ళకి నేపథ్యంలో ఆ మాండొలిన్ గుర్తుండే ఉంటుంది. అది వాయించింది బొంబాయి నించి వచ్చిన సజ్జాద్ హుస్సేన్.

1930ల మొదట్లో అమెరికాలో రికెన్‌బాకర్ కంపెనీ వాళ్ళు ఒక పని చేశారు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట పెట్టారు. ఉక్కు తీగ ఊగినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్సు, ఫారడే సూత్రం, అంతే. తర్వాత 1950లో లియో ఫెండర్ ఆ డొల్ల చెక్కని పూర్తిగా తీసేసి గట్టి పలక మీద తీగలు బిగించి గిటార్లు అమ్మడం మొదలెట్టాడు. ఇక చెక్క ఊగక్కర్లేదు. తీగ శక్తి తీగలోనే మిగుల్తుంది. మీటిన స్వరం సెకన్ల తరబడి బతుకుతుంది.

రాక్ అండ్ రోల్‌కి అసలు కీలకం ఇక్కడుంది. అందరూ "కరెంటు పెడితే సౌండు పెరిగింది" అనుకుంటారు. సౌండు ఒక్కటే అయితే మైకు పెడితే సరిపోయేది. పెరిగింది స్వరం ఆయుష్షు. స్వరం నిలబడితేనే దాన్ని వంచగలం, లాగగలం, ఊపగలం. బ్లూస్ పాడేవాళ్ళు గొంతుతో చేసే వంపులు, రెండు మెట్ల మధ్యలో నిలబడే స్వరాలు, వాటిని బి.బి. కింగ్ లాంటివాళ్ళు తీగ మీదకి తెచ్చింది ఈ సదుపాయంతోనే.

గొంతు చేసే వంపుల్ని తీగ మీదకి తేవడం... ఎక్కడో విన్నట్టు లేదూ? మన సంగీతంలో దానికి ఎప్పటినించో ఒక పేరుంది. గమకం. కాంటీన్లో రెండో బ్యాచ్ వాడు "వాళ్ళకి లేదు" అన్నది సరిగ్గా ఇదే. ఎలక్ట్రిక్ గిటార్ పుట్టిన దగ్గర్నించీ దానికి కావల్సిందీ ఇదే.

1956లో ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ మాండొలిన్ కూడా దింపింది. దానికి నాలుగే విడి తీగలు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. రాక్ వాళ్ళకి గిటార్ చాలు. మాండొలిన్‌కి కరెంటు పెట్టడం వల్ల నిజంగా ఎవరికి లాభమో ఆ కాలిఫోర్నియా వాళ్ళకి తెలీలేదు.

పాలకొల్లు

1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో ఉప్పలపు సత్యనారాయణ గారింట్లో ఒక పిల్లాడు పుట్టాడు. శ్రీనివాస్. తండ్రి సంగీతం నేర్చుకున్న మనిషి, ఇంట్లో మాండొలిన్ ఉంది. పిల్లాడు ఐదేళ్ళకే దాన్ని పట్టుకున్నాడు. తండ్రి అది చూసి వాడికి వేరే మాండొలిన్ కొనిచ్చి తనే మొదలెట్టించారు.

తండ్రికి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. పిల్లాడి చెయ్యి చూసి తనే నేర్పుతానన్నారు. ఒక చిక్కు మాత్రం ఉంది. సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు. పిల్లాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించాలి.

దీన్ని ఒకసారి ఆలోచించి చూడండి. గురువుకి వాద్యం వచ్చి ఉంటే వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు. "ఇది దీంట్లో పలకదురా, వదిలెయ్" అని కూడా చెప్పేవారు. వాద్యం రాని గురువుకి దాని పరిమితులు తెలీవు. గొంతులో ఏది పలికితే అది తీగలో పలకాల్సిందే. మన భాషలో చెప్పాలంటే, ప్లాట్‌ఫామ్ గురించి ఏమీ తెలియని క్లయింటు స్పెసిఫికేషన్ ఇచ్చాడు, డెవలపర్ వయసు ఆరేళ్ళు, "కుదరదు సార్" అనడం వాడికింకా రాదు.

ఇంకో పక్క 1976లో వాసూరావు అనే గిటారిస్టు ఆ పిల్లాడికి పాశ్చాత్య సంగీతం పరిచయం చేశాడు. అప్పటికి వాడికి ఏడేళ్ళు. ఒక చెవిలో చెంబై పాఠాంతరం, ఇంకో చెవిలో గిటార్. రెండూ ఆ చిన్న వయసులోనే.

మాండొలిన్ మీద గమకం ఎందుకు కష్టమో పైన చెప్పుకున్నాం. జత తీగలు ఉంటే రెండింటినీ ఒకేసారి లాగాలి, రెండూ సమానంగా లాగబడవు, శ్రుతి చెదిరిపోతుంది. స్వరం వెంటనే ఆరిపోతుంది, ఇక లాగడానికి ఏం మిగిలింది? శ్రీనివాస్ పట్టిన దారి ఏంటంటే, ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకున్నాడు, జతలు తీసేశాడు, విడివిడిగా ఐదు తీగలు పెట్టుకున్నాడు. కరెంటు వల్ల స్వరం నిలబడింది. ఒంటి తీగ కాబట్టి వంగింది. ఐదో తీగ వల్ల నాలుగు తీగల్లో దొరకని వ్యాప్తి దొరికింది.

ఐదు విడి తీగలు. టైనీ మూర్‌ది కూడా అదే లెక్క. ఒకాయన అమెరికాలో నాట్యశాలల్లో జనం గంతులేసే పాటల కోసం ఆ లెక్కకి వచ్చాడు, రెండోవాడు తోడి రాగం కోసం వచ్చాడు. సమస్య ఒకటే అయితే సొల్యూషన్ కూడా ఒకటే అవుతుందని మన ఫీల్డులో అందరికీ తెల్సిందే.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. తర్వాత కుటుంబం మద్రాసు మారింది. 1981 డిసెంబరు సీజన్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో మద్రాసు తొలి కచేరీ. అప్పటికి 12 ఏళ్ళు. ఆ తర్వాత ఆ పేరు ముందు వాద్యం పేరు అతుక్కుపోయింది. మాండొలిన్ శ్రీనివాస్ అంటే తప్ప ఉప్పలపు శ్రీనివాస్ అంటే ఎవరికీ తెలీదు.

పరాయి వాద్యం గొడవ

మొదట్లో సంప్రదాయం వాళ్ళు కొందరు ముఖం చిట్లించారు. పరాయి వాద్యం, పైగా కరెంటు. ఇది కచేరీయా, సినిమా ఆర్కెస్ట్రానా?

ఇలాంటి గొడవ రాక్ వాళ్ళక్కూడా జరిగింది. 1965 జులై 25న న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని స్టేజీ ఎక్కితే జనంలో కొంతమంది గోల చేశారు. చెక్క గిటార్ వాయిస్తే నిజాయితీ, కరెంటు పెడితే అమ్ముడుపోయినట్టు! న్యూపోర్ట్‌లో జానపదం పవిత్రం, మద్రాసులో శాస్త్రీయం పవిత్రం. భయం మాత్రం ఒకటే.

ఇంతకీ మన కచేరీలో పక్కన కూచునే వయొలిన్ ఎవరిది? అది యూరపు వాద్యం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో తెల్లవాళ్ళ దగ్గర చూసి నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. వంద, నూటయాభై ఏళ్ళు గడిచేసరికి అది మనదైపోయింది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు వాయిస్తుంటే అది పరాయిదని ఎవరికైనా తట్టిందా? తమాషా ఏంటంటే మామూలు మాండొలిన్‌కీ వయొలిన్‌కీ శ్రుతి చేసే పద్ధతి అచ్చం ఒకటే. వేళ్ళు పడే చోట్లు కూడా అవే. ఒకటి కమానుతో, ఇంకోటి మీటి.

అలాగని "పరాయిదైతే ఏంటి, అన్నీ కలిపేసుకోవచ్చు" అనే బ్యాచ్ మాట కూడా పూర్తి నిజం కాదు. హార్మోనియం సంగతి చూడండి. గోదావరి జిల్లాల్లో పద్యనాటకం హార్మోనియం లేకపోతే లేదు. సత్యహరిశ్చంద్రలో కాటిసీను పద్యం రాగం తీస్తుంటే పక్కన అది ఉండాల్సిందే. కానీ ఆల్ ఇండియా రేడియో 1940 నించి 1971 దాకా హార్మోనియాన్ని నిషేధించింది. కారణాల్లో ఒకటి, మెట్టు మీద వేలు పెడితే ఒక్క స్వరమే పలుకుతుంది, మధ్యలో ఏమీ ఉండదు. గమకం పలకదు. నిషేధం మూర్ఖత్వమే, నాకేం అనుమానం లేదు. కానీ ఆ అభ్యంతరంలో ఉన్న సాంకేతిక విషయం మాత్రం నిజమే. హార్మోనియాన్ని గమకానికి తగ్గట్టు మార్చే వీలు లేకపోయింది. వయొలిన్‌కి మెట్లే లేవు కాబట్టి అసలు మార్చక్కర్లేకపోయింది. మాండొలిన్ ఈ రెండిటికీ మధ్యలో ఉంది. మెట్లున్నాయి, కానీ తీగ తీసి, కరెంటు పెట్టి, చెయ్యి మార్చుకుంటే దారి దొరికింది.

అంటే ప్రశ్న "వాద్యం ఎవరిది" అని కాదు. "నువ్వు చెప్పాలనుకున్నది అందులో పలుకుతోందా, పలక్కపోతే దాన్ని పలికేలా మార్చావా" అనేది ప్రశ్న. శ్రీనివాస్ విషయంలో పదేళ్ళు తిరక్కుండానే మద్రాసు ఈ ప్రశ్నకి జవాబు వినేసింది.

బెర్లిన్ నించి రియల్ వరల్డ్ దాకా

1983లో 14 ఏళ్ళ శ్రీనివాస్ వెస్ట్ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. ఇక్కణ్ణించి కథ తిన్నగా రాక్ వాళ్ళ ఇంటికే వెళ్తుంది.

జాన్ మెక్‌లాఫ్లిన్ పేరు మన రాక్ బ్యాచ్‌కి పరిచయం చెయ్యక్కర్లేదు. మైల్స్ డేవిస్ జాజ్‌కి కరెంటు పెట్టి 1970లో 'బిచెస్ బ్రూ' విడుదల చేస్తే అందులో గిటార్ ఈయనదే. ఒక ట్రాకుకి ఏకంగా ఈయన పేరే పెట్టారు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అని పెట్టి రాక్ గిటార్ ఎంత వేగంగా పరుగెత్తగలదో చూపించాడు. సరిగ్గా అదంతా పీక్‌లో ఉండగా ఆంప్లిఫయర్లు పక్కన పడేసి, 1975 ప్రాంతంలో ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో కింద కూచుని 'శక్తి' మొదలెట్టాడు. చెక్క గిటార్‌తో. ఆ గిటార్‌కి గమకం పలకడం కోసం మెట్ల మధ్య చెక్కని గుంటలుగా చెక్కించుకున్నాడు, మన వీణ మీద లాగినట్టు లాగడానికి.

అంటే ఒకే దశాబ్దంలో ఒక ఇంగ్లీషు రాక్ గిటారిస్టు గమకం కోసం కరెంటు వదిలేశాడు, పాలకొల్లు పిల్లాడు గమకం కోసం కరెంటు పట్టుకున్నాడు! ఇద్దరూ ఎదురెదురుగా నడుస్తున్నారు, ఎక్కడో కలవాలి కదా. కలిశారు. 1990ల చివర్లో మెక్‌లాఫ్లిన్, జాకిర్ కలిసి 'రిమెంబర్ శక్తి' పేరుతో మళ్ళీ మొదలెట్టినప్పుడు, పాత శక్తిలో వయొలిన్ ఉన్న స్థానంలోకి మాండొలిన్ శ్రీనివాస్ వచ్చాడు. 'ద బిలీవర్' (2000), 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' (2001) వినండి. ఎలక్ట్రిక్ గిటారూ ఎలక్ట్రిక్ మాండొలినూ ఒకదాని మాట ఒకటి అందుకుంటుంటే ఏది ఏ దేశానిదో కాసేపటికి మర్చిపోతాం.

దానికి ముందే ఇంకో రాక్ ఇంటి తలుపు తెరుచుకుంది. జెనిసిస్ బ్యాండ్ పాత గాయకుడు పీటర్ గేబ్రియెల్ 1989లో రియల్ వరల్డ్ రికార్డ్స్ పెట్టాడు. ఆ కంపెనీ 1994లో శ్రీనివాస్ 'రామ శ్రీరామ' ఆల్బమ్ వేసింది. పూర్తి కర్ణాటక సంగీతం, ఏ కల్తీ లేదు. మరుసటి ఏడు 'డ్రీమ్' వచ్చింది, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి. ఈ బ్రూక్ ఎవరంటే, మీటిన స్వరం ఎంతసేపైనా ఆరిపోకుండా మోగేలా చేసే 'ఇన్‌ఫినిట్ గిటార్' తయారుచేసినవాడు. యూటూ బ్యాండ్ 1987 పాట 'విత్ ఆర్ వితౌట్ యూ'లో అలా సాగిపోతూ ఉండే గిటార్ విన్నారుగా, అది ఎడ్జ్ చేతిలో ఈయన గిటారే.

మళ్ళీ అదే సమస్య చూశారా. స్వరం ఆరిపోకూడదు. మెంఫిస్‌లో, టొరంటోలో, పాలకొల్లులో, అందరూ తంటాలు పడింది ఆ ఒక్కదాని కోసమే.

సితార్ కథకీ, ఈ కథకీ తేడా

రాక్‌లో ఇండియా అంటే పుస్తకాల్లో రాసే కథ వేరు. 1965లో జార్జ్ హారిసన్ 'నార్వీజియన్ వుడ్' పాటలో సితార్ వాయించాడు. 1967లో మాంటెరీ పాప్ ఉత్సవంలో రవిశంకర్ కచేరీ చేశాడు. ఆ కథలో మనం ఎగుమతిదారులం. అగరొత్తులు, ధ్యానం, సితార్. వాళ్ళకి కావల్సిన "పాతదనం" సప్లై చెయ్యడం మన పని. కొత్త మెషీన్లు వాళ్ళవి.

దీనికి ఉల్టా కథ కూడా మనకి బాగా తెల్సిందే. సినిమాల్లో ఇంగ్లీషు బాణీ ఎత్తుకొచ్చి, డప్పు కలిపి, హీరోకి తోలు జాకెట్టు తొడిగించడం. ఇందులో మనం దిగుమతిదారులం.

శ్రీనివాస్ ఈ రెండూ చెయ్యలేదు. రాక్ అండ్ రోల్ బాణీ తీసుకోలేదు, జుట్టూ తీసుకోలేదు, జాకెట్టూ తీసుకోలేదు. చొక్కా, నుదుట విభూది, చిరునవ్వు, చేతిలో బొమ్మలాంటి వాద్యం. తీసుకున్నది ఒక్క హార్డ్‌వేర్ మాత్రమే. అయస్కాంతం, రాగిచుట్ట, ఆంప్లిఫయర్. దాన్ని కూడా ఉన్నదున్నట్టు వాడలేదు. తన అవసరానికి విప్పి మళ్ళీ బిగించాడు. తర్వాత అదే హార్డ్‌వేర్ కనిపెట్టినవాళ్ళు వచ్చి అతని పక్కన కూచుని వాయించారు.

నాకు ఈ కథ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఇది మన గురించి కూడా. తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళ మీద పాత ఎగతాళి ఒకటుంది కదా, "సైబర్ కూలీలు" అని. ఎవడో రాసిన కంపైలరు, ఎవడో చేసిన చిప్పు, ఎవడో ఇచ్చిన టికెట్టు, మీరు చేసేది కూలి అని. ఆ మాటకి మనం రెండు రకాలుగా స్పందిస్తాం. ఒకటి, తలొంచుకుని "నిజమే" అనుకోవడం. రెండు, "సున్నా కనిపెట్టింది మేమే" అని ఫార్వర్డులు పంపించుకోవడం. రెండూ ఒకే అవమానం లోంచి వచ్చినవే.

పనిముట్టు ఇంకోడిది అయినంత మాత్రాన పని కూలి అయిపోదు. పనిముట్టు ఇచ్చిన మాన్యువల్లో ఉన్నంతే చేస్తే కూలి. సుబ్బరాజు గారి గొంతులాంటి స్పెసిఫికేషన్ ఒకటి మన లోపల ఉండి, అది పలికేదాకా పనిముట్టుని వదలకపోతే, అప్పుడు అది మనది. ఎక్కడ పుట్టిందన్నది తర్వాత మ్యూజియం వాళ్ళు రాసుకుంటారు. కష్టమైన భాగం లోపల ఆ గొంతు ఉండటం. అది లేకుండా తీగలు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు. శ్రీనివాస్ ముందు ఆరేళ్ళప్పుడు విన్నాడు, ఆ తర్వాతే మార్చాడు.

మిగిలిన సంగతులు కొన్ని

కొన్ని విశేషాలు చెప్పకుండా వదిలితే బావుండదు.

ఒకటి. వెదురుపాక మూలాలున్న దేవిశ్రీప్రసాద్ మాండొలిన్ నేర్చుకుంది శ్రీనివాస్ దగ్గరే. మన పెళ్ళి బరాతుల్లో పగిలిపోయే స్పీకర్లకీ చెంబై పాఠాంతరానికీ మధ్య ఉన్న దూరం ఒక్క గురువు మాత్రమే! 'పుష్ప' (2021) పాటలకి ఆయనకి జాతీయ అవార్డు కూడా వచ్చింది.

రెండు. 'నాటు నాటు' పాటకి 2023 మార్చిలో ఆస్కార్ అందుకుంటూ కీరవాణి చెప్పిన మొదటి మాట, తను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని. వాళ్ళ పాట బాణీలోనే థాంక్స్ కూడా పాడాడు. తర్వాత రిచర్డ్ కార్పెంటర్ కుటుంబంతో కలిసి పియానో ముందు కూచుని అదే బాణీలో అభినందన పాడి పంపించాడు. కీరవాణి పుట్టింది కొవ్వూరులో. పాత పశ్చిమ గోదావరి. 2022 విభజనలో తూర్పు గోదావరిలోకి వెళ్ళింది, కాబట్టి రెండు జిల్లాల వాళ్ళూ మావాడే అనుకోవచ్చు, గొడవ లేదు.

మూడు. తమ్ముడు యు. రాజేష్ కూడా మాండొలిన్ విద్వాంసుడే. మెక్‌లాఫ్లిన్ 'ఫ్లోటింగ్ పాయింట్' (2008)లో వాయించాడు.  (ఫ్లోటింగ్ పాయింట్ అంటే మనవాళ్ళకి ఇంకేదో గుర్తొస్తుంది, నాకు తెల్సు.)

నాలుగు. 2024 ఫిబ్రవరిలో శక్తి బృందం 'దిస్ మొమెంట్' ఆల్బమ్‌కి గ్రామీ గెల్చుకుంది. మెక్‌లాఫ్లిన్, జాకిర్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్, వయొలిన్ గణేశ్ రాజగోపాలన్. మాండొలిన్ లేదు. ఎందుకంటే 2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ చెన్నైలో పోయాడు. వయసు 45. కాలేయ మార్పిడి జరిగింది, తర్వాత సమస్యలు వచ్చాయి. గ్రామీ వచ్చిన ఏడాదే డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ కూడా వెళ్ళిపోయాడు.

నలభై ఐదేళ్ళంటే మనలో చాలామందికి మొదటి మేనేజర్ ఉద్యోగం వచ్చి, హోమ్‌లోను సగం తీరే వయసు. అతను అప్పటికి ముప్పై ఆరేళ్ళుగా స్టేజీ మీద ఉన్నాడు.

అసలు చిక్కు ఇప్పుడుంది. వయొలిన్ మనదవ్వడానికి బాలుస్వామి దీక్షితులు ఒక్కడు సరిపోలేదు. ఆయన తర్వాత తరాల తరబడి వాయించేవాళ్ళు కావల్సి వచ్చింది. మాండొలిన్ కూడా అలా నిలబడుతుందా, లేక ఒక్క మనిషి అద్భుతంగా మిగిలిపోతుందా అన్నది ఇంకా తేలలేదు. రాజేష్ ఉన్నాడు, శిష్యులున్నారు. కానీ ప్రతి ఊళ్ళోనూ వయొలిన్ టీచరు దొరికినట్టు కర్ణాటక మాండొలిన్ టీచరు దొరకడు. ఒక వాద్యం బతకాలంటే మేధావి ఒక్కడు చాలడు, సాదాసీదాగా నేర్పేవాళ్ళు, సాదాసీదాగా నేర్చుకునేవాళ్ళు వందల్లో కావాలి. ఓపెన్ సోర్సు ప్రాజెక్టుకి రాసినవాడి తర్వాత మెయింటెయినర్లు కావాలన్నట్టే.

కాబట్టి మీ పిల్లలు ఎలక్ట్రిక్ గిటార్ కావాలంటే కొనిపెట్టండి, "ఆ గోలెందుకు" అనకండి. దాంతోపాటు ఒక పని చెయ్యండి. ముందు 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ' రెండు రకాలూ వినిపించండి, మన్రోదీ, ఎల్విస్‌దీ. తర్వాత ఏమీ చెప్పకుండా 'రామ శ్రీరామ' పెట్టండి. ఇది ఏ వాద్యమో, ఎక్కడిదో చెప్పమనండి. ఇటలీ అన్నా, అమెరికా అన్నా, మద్రాసు అన్నా ఒప్పేసుకోండి, ఏదీ పూర్తిగా తప్పు కాదు. తర్వాత మ్యాపు తీసి భీమవరం దాటాక నరసాపురం వైపు వెళ్ళే లైను మీద వేలు పెట్టి చూపించండి.